జడలో దాచిన గొలుసు

పిల్లల నవల రాయడం తేలిక అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రెండేళ్ళుగా ఒక్క నవలతో కుస్తీ పడుతున్నాను. 1960ల్లో బర్మా ప్రభుత్వం పొమ్మంటే రంగూన్ నుంచి కట్టుబట్టలతో బయల్దేరిన తెలుగు కుటుంబం, అందులో ఓ పదేళ్ళ పిల్ల, ఓడ, చివరికి విశాఖ రేవు. కథంతా అంతే. ఆ పిల్లకి స్వేచ్ఛ దొరకాలి, చదివే పిల్లలకి నిద్ర రాకూడదు.

నిజానికి కథ నాది కాదు, మధురవాడలో మా ఎదురు ఫ్లాట్ పిన్నిది. పదేళ్ళప్పుడు అమ్మతో, అన్నతో ఆ ఓడెక్కి వచ్చిన మనిషి. చదివింది బర్మా బడిలో కాబట్టి తెలుగు అక్షరాలు ఇప్పటికీ కూడబలుక్కోవాల్సిందే. అందుకని రాసిందల్లా ఆదివారం పొద్దున్నే నేనే చదివి వినిపించాలి. ఆవిడ బాల్కనీలో కత్తిపీట వేసుకుని, వాళ్ళన్నయ్య తెచ్చిన చేపలకి పొలుసు తీస్తూ వింటుంది. ఆయన పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యాడు. పక్కనే కూర్చుంటాడు గానీ టీ గ్లాసు, పేపరు ఉంటే చాలు, మా సాహిత్యం ఆయనకి పట్టదు.

పిన్ని ఊరికే వింటుందా! పేజీకో వంక పెడుతుంది. పిల్ల ఓడలో పాట పాడిందని రాస్తే, "పాటేటమ్మా, డోకులే డోకులు" అంది. రేవులో దిగి నేలకి దణ్ణం పెట్టిందని రాస్తే పకపకా నవ్వింది. "ఓలమ్మ! దణ్ణమేటి? ఎనక్కెల్లిపోదామని నాను నేల మీద పడి ఏడిసినాను. ఇక్కడ నాకెవులు తెలుసు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే మీరే రాసుకోండి పిన్నీ" అన్నాను.

"నాకు రాయడమొస్తే నీకెందుకు సెప్తాను?" అంది. మళ్ళీ కాగితాలు ముందేసుకున్నాను.

ఆ ఆదివారం మాత్రం ఆవిడ నోరు మూయించే అధ్యాయం పట్టుకెళ్ళాను. బర్మా నుంచి వచ్చినవాళ్ళలో ఎవర్ని కదిపినా ఈ సంగతి చెబుతారు. ఓడెక్కే ముందు సోదా చేసి బంగారం లాక్కునేవారట. అందుకని తల్లులు ఆడపిల్లల జడల్లో నగలు పెట్టి అల్లేసేవారట. నా కథలో పిల్ల జడలో గొలుసు పెట్టుకుని, బర్మా భాషలో ఆఫీసరుని మాటల్లో పెట్టి, నవ్వించి మరీ దాటేస్తుంది. నేను గొంతు మార్చి మార్చి నాటకంలా చదివాను. తలెత్తి చూస్తే పిన్ని చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"అది తీసీ" అంది.

"ఏది?"

"ఆ జడ ముక్క. అదుంటే నా కథ నాకిచ్చీ. పుస్తకమే వొద్దు."

రెండేళ్ళ కష్టం! కోపం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. ఎందుకో చెబితే తీసేస్తానన్నాను. పిన్ని ఒకసారి అన్నయ్య వైపు చూసి గొంతు తగ్గించింది.

"నా జడలోనే ఉండీది అమ్మ గొలుసు. మాకున్నదల్లా అదే. తల ముట్టుకోకే అని మరీ మరీ సెప్పింది. లైన్లో ఒకటే పేలు, ఒకటే దురద. గోకీసినాను. ఆ ఆఫీసరు నా కాడికొచ్చీసినాడు. బయానికి కళ్ళు మూసీసుకున్నాను. జడ ఇప్పీసినారు. కళ్ళు తెరిసీసరికి గొలుసు ఆడి సేతిలో ఉంది. ఇక్కడికొచ్చి అన్నియ్య సదువు మానీసి మూటలు మోసినాడు. అంతా నా వల్లే. నీ పుస్తకంలో గుంట తెలివైంది. నాను కాదు."

అన్నయ్య పేపరు పక్కన పెట్టేశాడు.

"ఏటే, ఏటి సెప్తన్నావ్? నువ్వు గోకడం ఆడసలు సూడనేదు. ఆడి సేతిలో కత్తెరుంది. ఆడపిల్లలందరికీ జడలు కత్తిరించీస్తన్నాడు. నీ ముందు పిల్లకి కత్తిరిస్తే అది గోలగోలగా ఏడిసింది. నువ్వు ఒణికిపోతన్నావని, నీ జడ పోకూడదని అమ్మే ఇప్పి గొలుసిచ్చీసింది."

"అమ్మా?"

"అమ్మేనే. నాను పక్కనే ఉన్నాను కదేటి."

"మరిన్నేళ్ళూ సెప్పలేదేటి అన్నియ్యా?"

"నువ్వడిగినావేటి? నీకు తెలుసనుకున్నాను."

అరవయ్యేళ్ళు! ఆ ముసలాయన్ని పట్టుకుని కడిగేద్దామనిపించింది నాకు. కానీ ఆయన మొహం చూస్తే జాలేసింది. పిన్ని ఆ పొలుసు చేతులతోనే మొహం కప్పుకుంది.

"ఓడ దిగి బర్మావోల్ల కేంపుకొచ్చినాక అమ్మ రోజూ పిలిసీది, రాయే జడేస్తాను అని" అంది. "ఆ గొలుసు అమ్మకి గేపకానికొస్తాదని ఒక్క రోజు కూడా ఎల్లనేదు అన్నియ్యా. అమ్మ ఏటనుకుందో."