ఉదయగిరిలో లేవని పెట్టె

నిరుడు ఎండాకాలం. ఆత్మకూరులో మా ఇంటి ముందు గదిలో కూర్చుని, పాల సెంటర్లకు కంట్రోలర్ పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి పనిచేస్తున్నాను. పాలు చల్లబరిచే ట్యాంకును నడిపేది ఆ పెట్టే. అందులో చిన్న కంప్యూటరు ఉంటుంది. దాని కెర్నెల్, అంటే మిగతా ప్రోగ్రాములకు మెమరీలో చోటు చూపించే అసలు ప్రోగ్రాము, నా బాధ్యత.

ఉదయగిరి సెంటర్లో కరెంటు పోయి వచ్చాక పెట్టె లేవడం లేదని ఫిర్యాదు వచ్చింది. నా బల్ల మీదున్న పెట్టెకు పదిసార్లు ప్లగ్గు పీకి పెట్టాను. పదిసార్లూ లేచింది. వాడేవాళ్లు సరిగ్గా ఆపడం లేదని రిపోర్టు రాసి పంపేశాను.

రెండు వారాలకు ఆ సెంటరు ఇన్‌ఛార్జి పెంచలమ్మ ఫోన్ చేసింది.

"ఆ రిపోర్టు రాసింది మీరేనా మేడమ్?"

"అవునండీ."

"నిన్న మళ్లీ లేవలా. ట్యాంకు పాలన్నీ విరిగిపోయినాయి. నా చేతగానితనమని ఈ నెలాఖరుకు మానుకోమన్నారు. ఒక్కసారి వచ్చి కళ్లతో చూసి, అప్పుడు రాయండి ఏం రాస్తారో."

మర్నాడు ల్యాప్‌టాప్, సీరియల్ కేబుల్ సంచిలో వేసుకుని ఉదయగిరి బస్సెక్కాను. తెర వెలగకముందు కెర్నెల్ ఏమంటోందో ఆ కేబుల్ ద్వారానే తెలుస్తుంది.

పెంచలమ్మకు నలభై అయిదేళ్లుంటాయి. కుర్చీ వేసి, నేరుగా పెట్టె దగ్గరికి వెళ్లింది. దాన్ని పద్ధతిగా ఆపి, మళ్లీ ఆన్ చేసింది. లేచింది. మెయిన్ లాగేసి మళ్లీ వేసింది. ల్యాప్‌టాప్ మీద కొన్ని వరుసలు వచ్చి ఆగిపోయాయి.

కరెంటు ఉన్నట్టుండి పోతే, మళ్లీ లేచేటప్పుడు డిస్కును సరిచూసే ప్రోగ్రాముల మూటను కూడా బూట్‌లోడర్, అంటే కెర్నెల్‌ను లేపే చిన్న ప్రోగ్రాము, మెమరీలో పెడుతుంది. కెర్నెల్ దాన్ని విప్పబోయేసరికి ఆ మూట చెడిపోయి ఉంటోంది. లేస్తూనే కెర్నెల్ మెమరీని పైచివర నుంచి పంచుకుంటూ వస్తుంది. మూట ఉన్న చోటు ముట్టుకోవద్దని దానికి చెప్పే ఉంది. అడ్రసులన్నీ మళ్లీ మళ్లీ చూశాను. ఎక్కడా ఒకదాని మీద ఒకటి పడడం లేదు. మధ్యాహ్నం దాటింది. సాయంత్రం పాలు వచ్చేలోపు తేల్చాలి.

పెంచలమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, నా వెనక నిలబడి పెట్టెలోకి చూసింది.

"దీన్లో చిప్పు ఒకటే ఉండాది గదా. పాత పెట్టెలో పక్కపక్కనే రెండుండేవి."

"మీకెట్లా తెలుసక్కా?"

"దుమ్ము దులిపేది నేనే గదా. ఇది మార్చినప్పట్నించే ఈ కత."

"మరి ఈ మాట ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరడిగినారు?"

వంగి చూశాను. రెండో మెమరీ చిప్పు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. నా బల్ల మీదున్నది పాత రకం పెట్టె. కొత్తవాటిలో మెమరీ సగానికి తగ్గించారు. ఆ సంగతి మా బూట్‌లోడర్‌కు ఎవరూ చెప్పలేదు, నేనూ కనుక్కోలేదు. అది పాత లెక్కే చెబుతోంది, కెర్నెల్ నమ్ముతోంది. లేని సగంలో రాసిందంతా ఉన్న సగంలోనే వచ్చి పడుతోంది, సరిగ్గా ఆ మూట మీద. మామూలు రోజుల్లో ఆ మూటే ఉండదు కాబట్టి పెట్టె లేచేది.

బూట్‌లోడర్‌లో మెమరీ లెక్క సరిచేసి, మెయిన్ లాగి వేశాను. లేచింది. "ఈసారి మీరు లాగండక్కా" అన్నాను. ఎనిమిదిసార్లు లాగింది. ఎనిమిదిసార్లూ కంప్రెసర్ మోగింది.

"ఇప్పుడు రాయండి" అంది.

అక్కడే కూర్చుని రాశాను. తప్పు మాది, కొత్త పెట్టెను చూడకుండానే ముందు రిపోర్టు ఇచ్చాను, ఆపరేటర్ లోపమేమీ లేదు. చదివి వినిపించాను.

"ఆపరేటర్ అని గాదు. నా పేరు రాయండి. తప్పన్నప్పుడు అందరూ నా పేరే చెప్పినారు."

పేరు రాసి పంపాను. వారం తర్వాత, ఆమెను ఉండమన్నారని తెలిసింది.

ఇప్పుడు మా బూట్‌లోడర్ మెమరీ ఎంతుందో తనే రాసి, చదివి, కొలిచి చూసుకుంటుంది. ఆ మార్పుకు నాకు ఒక పూట పట్టింది. ఫిర్యాదు రాగానే అక్కడి మనిషికి ఫోన్ చేసి "మీరేం చూశారు?" అని అడగడం నేర్చుకోవడానికి మాత్రం, ఒక మనిషి ఉద్యోగం మీదికి రావాల్సి వచ్చింది.