పద్నాలుగు పేర్ల డ్యూటీ పట్టిక

మొన్న మా సంఘంలో చర్చి ఊడ్చే వంతుల పట్టికను ఒకావిడ ఫోనుకు అప్పజెప్పితే, అది రెప్పపాటులో వేసి ఇచ్చింది. అందరూ ముచ్చటపడ్డారు. నేను మాత్రం పేర్లు రెండుసార్లు లెక్కపెట్టాను. మన ఈడువాళ్లకు ఆ అలవాటు పోదు కదా.

2015లో నేను ఒమాన్‌లో, బర్కాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జి నర్సును. చదరంగం బల్ల మీద ఎనిమిది మంది మంత్రులను ఒకరి దారికి ఒకరు అడ్డురాకుండా నిలబెట్టే చిక్కుముడిని కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రాం రాసి విప్పిన రోజున, మా డ్యూటీ పట్టిక కూడా అలాంటిదే కదా అనిపించింది. పద్నాలుగు మంది నర్సులు, మూడు షిఫ్టులు. అక్కడ మన ఆరాధన శుక్రవారమే కనుక అందరికీ ఆ రోజే సెలవు కావాలి. పదకొండు రోజులు కూర్చుని దానికీ ప్రోగ్రాం రాశాను. రెండు పూటలు పట్టే పని నలభై సెకన్లలో అయింది.

మార్చి 12, గురువారం, మేనేజరుకు చూపించాను. ఆయన తెర వంక చూస్తూ, "సిస్టర్, తేరా మే చలేగా క్యా?" అన్నారు. ఒకరిని ఇంటికి పంపడానికే పదమూడు మందితో నడుస్తుందా అని అడుగుతున్నారని తెలిసి కూడా, లెక్క తేలుతుందో లేదో చూడాలన్న ఉబలాటంతో పదమూడు అని కొట్టాను. పట్టిక వచ్చింది. ఎవరిని తీయాలో కూడా దాన్నే అడగమన్నారు నవ్వుతూ.

డ్యూటీ మార్చుకోవాలంటే నాకు చీటీ రాసివ్వాలి. ఏడాది చీటీలూ తేదీల వారీగా దాచి, కంప్యూటర్‌లోకీ ఎక్కించాను. ఎక్కువ మార్పులు అడిగినవాళ్లే నిలకడ లేనివాళ్లనుకుని, సంతకాలను లెక్కించే నాలుగు వరుసలు ప్రోగ్రాంలో చేర్చాను. మొదటి పేరు మా వదినది, మా ఆయన అక్క, నేనే అక్కడికి రప్పించిన మనిషి: ముప్పై ఏడు చీటీలు. అయినవాళ్లను కాపాడుకున్నానన్న మాట రాకూడదని కాగితం అలాగే ఇచ్చేశాను.

"మీ మిషన్‌కు వదినలు లేరు గదా సిస్టర్, దానికేం తెలుస్తాది!" అంది కడప నర్సు ఒకామె.

ఉక్రోషంతో శనివారం పొద్దున చీటీలు మళ్లీ తీశాను. ముప్పై ఒకటి, వదిన తన శుక్రవారాన్ని పసిపిల్లల తల్లులకు వదిలేసినవి. నన్ను అడగడానికి వాళ్లు భయపడితే, వాళ్ల బదులు తానే సంతకం చేసేది. ప్రోగ్రాం అడిగినవారిని లెక్కపెట్టింది, ఇచ్చినవారిని కాదు. వదినను తీసేసే కాగితాలు సోమవారం గానీ పై ఆఫీసుకు వెళ్లవు, ఆపడానికి ఇంకా వ్యవధి ఉంది. నా లెక్క తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వదిన పెట్టె సర్దుకుంటూ, "నీ లెక్క ఎప్పుడు తప్పింది గనకమ్మాయ్? నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాన్లే. ఈ పెట్టె తూకం చూడు, ముప్పై కిలోలు దాటితే ఊరుకోరంట" అంది. చూశాను. ఇరవై తొమ్మిదిన్నర.

ఆమె వెళ్లాక నాకు ఒక్క చీటీ రాలేదు. పట్టిక ఒక్క కొట్టివేత లేకుండా గోడ మీద ఉండేది, శుక్రవారం డ్యూటీ పడిన తల్లులు తల వంచుకుని వచ్చేవారు, మేనేజరు మెచ్చుకున్నారు. ఇప్పుడు ఫోనుకు పేర్లు ఇస్తే చాలు, అన్నీ వాటంతటవే అమరిపోతాయి. ఎవరు ఎవరి కోసం తమ రోజు వదులుకున్నారో ఎవరికీ తెలియకుండానే పని జరిగిపోతుంది. ఇప్పటివాళ్లు తెలియక చేస్తారు. నాకు మాత్రం శనివారం పొద్దుటి నుంచి తెలుసు.