ఉప్పలయ్య వేలెత్తని రోజు

ఉప్పలయ్య మా క్రికెట్ క్లబ్బుకు పద్దెనిమిదేళ్లు ఆడాడు. అత్యధిక స్కోరు ముప్పై ఒకటి. వేరే క్లబ్బులు పిలిచినా పోలేదని రాస్తే బాగుంటుంది కానీ, నిజానికి ఎవరూ పిలవలేదు. జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో చేరిన మనిషి. ఆదివారం పొద్దున నైట్ షిఫ్ట్ దిగి నేరుగా గ్రౌండుకే వచ్చేవాడు. మేం కళ్లు నులుముకుంటూ చేరేసరికి మ్యాట్ పరిచి, మేకులు కొట్టి, రాళ్లు ఏరుతూ కనిపించేవాడు. నేను కెప్టెన్‌ని. ఆ మ్యాట్ కొస ఒక్కనాడూ పట్టిన పాపాన పోలేదు.

ఆయనకో జబ్బుండేది, నిజం చెప్పడం. బంతి బ్యాటుకు తగిలితే అంపైర్ వైపు చూడకుండానే నడిచొచ్చేసేవాడు. ఒకసారి క్యాచ్ పట్టి, "భూమికి తాకినంకనే వట్టిన" అని తానే చెప్పాడు. మ్యాచ్ పోయింది. వారం రోజులు నేనాయనతో మాట్లాడలేదు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఏ టీముకైనా ఆయన మాటంటే మాటే.

మా లీగ్ మ్యాచులకు ఒక్క అంపైరే వచ్చేవాడు. రెండో అంపైర్‌గా బ్యాటింగ్ జట్టు మనిషే స్క్వేర్ లెగ్‌లో నిలబడాలి. కీపర్ వైపు వికెట్ల దగ్గర రనౌట్లు చెప్పేది అతనే. మా తరఫున ఎప్పుడూ ఉప్పలయ్యే. ఆయనుంటే అవతలివాళ్లు పేచీ పెట్టరు.

2006లో ఘట్‌కేసర్ టీముతో ఆఖరి మ్యాచ్. ఓడితే కింది డివిజన్‌కు పడిపోతాం. చివరి వికెట్, ఎనిమిది పరుగులు కావాలి, క్రీజులో నేనున్నాను. ఉప్పలయ్య అప్పటికే అవుటై, ప్యాడ్లు విప్పి స్క్వేర్ లెగ్‌లో నిలబడ్డాడు. ఓవర్ల మధ్య ఆయన దగ్గరికి పోయాను.

"మామా, నేను పోతే క్లబ్బు పోయినట్టే. జర సూస్కో."

ఆయన వంగి, కాలి దగ్గర రాయి ఏరి పక్కకు విసిరాడు.

తర్వాతి ఓవర్లోనే రెండో పరుగుకు ఉరికాను. వాళ్ల కీపర్ జీవన్ వికెట్లు కొట్టేసరికి నా బ్యాటు గీతకు జానెడు దూరంలో ఉంది. అవుటని నాకు తెలుసు, ఉప్పలయ్యకూ తెలుసు. జీవన్ అరవను కూడా అరవలేదు. "ఏమంటవన్నా?" అని మాత్రం అడిగాడు. ఉప్పలయ్య వేలెత్తలేదు. తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పినవంటే అంతే అన్నా," అని జీవన్ వెనక్కి పోయాడు.

మేం గెలిచాం. నన్ను భుజాల మీద మోశారు. సిగ్గు లేకుండా మోయించుకున్నాను. ఉప్పలయ్య మ్యాట్ చుడుతూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఏడేళ్లు ఆడాడు కానీ, స్క్వేర్ లెగ్‌లో మళ్లీ నిలబడలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

2013లో ఆయన ఆట మానేసినప్పుడు నాచారంలో చిన్న ఫంక్షన్ హాల్లో సన్మానం పెట్టాం. జీవన్‌నూ పిలిచాం. అతను మైకు పట్టుకుని, నా వైపు చెయ్యి చూపిస్తూ ఆ మ్యాచ్ సంగతే ఎత్తాడు.

"ఆ దినం భూపాలన్న అవుటే అని నా కండ్లు జెప్పినయ్. ఉప్పలన్న కాదన్నడు. మరి తప్పు నా కండ్లదే గదా. దవాఖానకు పోయి సూపిచ్చుకున్న. డాక్టర్ ఏం లేదన్నడు. అయినా నమ్మకం కుదరక కీపింగే ఇడిసిపెట్టిన."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. 

ఉప్పలయ్య లేచాడు. "నీ కండ్లు మంచిగనే ఉన్నయ్ జీవన్. గది అవుటే. సూసి కూడ అబద్ధమాడిన."

 జీవన్ మైకు దించి అడిగాడు. "ఎవరన్న గట్ల జెప్పమన్నరా అన్నా?"

ముందు వరుసలో, నడిమి కుర్చీలో, కెప్టెన్‌నని నాకూ కప్పిన శాలువాతో నేను కూర్చుని ఉన్నాను. ఉప్పలయ్య నా వైపు చూడను కూడా చూడలేదు.

"ఎవ్వలు జెప్పలే. నా బుద్ధే గడ్డి తిన్నది."

లేచి ఒక్క మాట చెప్పాల్సింది నేను. కుర్చీ పట్టుకుని అలాగే కూర్చున్నాను.