గోడ అవతలి తీగ

కీరో పోయాక నలభై రోజులు పెన్కా టీవీ మీద నల్లగుడ్డ కప్పే ఉంచింది. ఆ కొండ ఊళ్ళో అందరూ చేసేదే. నలభయ్యో రోజున గోధుమలు ఉడికించి, పంచదార కలిపి వీధిలో పంచింది. మొగుడి ఫోటో ఉన్న మరణ ప్రకటన కొత్తది గేటుకి అంటించి లోపలికొచ్చింది. గుడ్డ తీసి తన సీరియల్ పెట్టుకుంది. తెర నల్లగా ఉంది. రిమోట్ నొక్కుకుంటూ పోతే సగం ఛానెళ్ళు లేవు. ఫుట్‌బాల్ మాత్రం అద్దంలా వచ్చింది.

పెన్కా రిమోట్ కింద పెట్టేసింది. సీసం గనిలో పనిచేసి వచ్చిన కీరో బతికున్నన్నాళ్ళూ రిమోట్ ఆమె చేతికి ఇచ్చింది లేదు. మ్యాచ్ ఉంటే తిండీ తిప్పలూ టీవీ ముందే. గోల్ పడిందంటే లేచి గోడని పిడికిలితో రెండుసార్లు బాదేవాడు. సున్నం రాలుతోందని ఆమె మొత్తుకునేది. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉంది, టీవీ మాత్రం ఇంకా అతని మాటే వింటోంది.

మొదట్లో భయంతో టీవీ జోలికే పోలేదు. కానీ ఒంటరి ఇల్లు అంతకన్నా భయపెట్టింది. ఒక సాయంత్రం గ్లాసులో రకియా, అదే ఇంట్లో కాచిన పళ్ళ సారా, పోసి అతని కుర్చీ పక్కన పెట్టి, మ్యాచ్ చూడ్డం మొదలుపెట్టింది. పొగాకు ఆకులు గుచ్చీ గుచ్చీ నల్లబడిన వేళ్ళతో ఊలు అల్లుకుంటూ, "ఏవయ్యా, మీ రెఫరీకి కళ్ళు కనపడవా?" అని సాధించేది. బాగుచేసేవాళ్ళని పిలవమని ఎవరన్నా అంటే మాట దాటేసేది. ఏడాది అలా గడిచిపోయింది.

అప్పుడు వాళ్ళకి డిష్ ఛానెళ్ళు ఇచ్చే కంపెనీ మూతపడింది. వేరే కంపెనీ తరఫున యసెన్ అనే కుర్రాడు వచ్చి డిష్ బిగించాడు.

"తీగ కూడా కొత్తది లాగేస్తాను పెద్దమ్మా."

"అక్కర్లేదు. పాతదే ఉండనీ. మా ఆయన వేసింది."

కీరో వచ్చే దారి ఆ తీగే అని ఆమె నమ్మకం. అది బయటికి చెప్పుకునే మాట కాదు. యసెన్ సరేనని టీవీ కింద ఉన్న పాత సెట్‌టాప్ పెట్టె ఊడదీసి, తీగ కొసకి మీటరు తగిలించాడు. ముఖం చిట్లించి ఇంకోసారి చూశాడు.

"ఇంట్లో ఇంకో టీవీ ఉందా?"

"లేదు నాయనా."

"మరి పెట్టె తీసేసినా తీగలో కరెంటు ఉందేంటి? అవతలి కొసన ఎవరో ఉన్నారు."

పెన్కా కుర్చీ పట్టుకుంది. "ఉంటారు," అంది మెల్లిగా.

యసెన్ ఆమెని వింతగా చూసి, తీగ వెంబడే వెళ్ళి అలమారా జరిపాడు. వెనక తీగ రెండుగా చీలింది. ఒక పాయ గోడలోని గుండ్రటి కన్నంలోంచి పక్కింట్లోకి పోయింది. గని మనిషి తవ్విన కన్నమని చూస్తేనే తెలుస్తోంది. పక్కిల్లు కీరో తమ్ముడు ద్రాగన్‌ది. ఒంటరివాడు. తల్లి మరణ ప్రకటనకి ఏ ఫోటో వెయ్యాలన్న దగ్గర అన్నదమ్ములకి మాటా మాటా పెరిగింది, మళ్ళీ మాట్లాడుకోనే లేదు.

"ఒకే తీగకి రెండు పెట్టెలుంటే ఇంతే పెద్దమ్మా. ఆ పెట్టె ఏ ఛానెల్ అడిగితే డిష్ ఆ వరసవే ఇస్తుంది, మీ పెట్టెకి మిగతావి రావు," అన్నాడు యసెన్.

ఇద్దరూ వెళ్ళి ద్రాగన్ తలుపు తట్టారు. అతను వదినని చూసి తలదించుకున్నాడు.

"నేను టీవీ చూడను వదినా. మ్యాచ్ మధ్యలో గోడవతల నీ ఏడుపు వినిపించిందే, ఆ రోజే గుడ్డ కప్పేశాను. మళ్ళీ తియ్యడానికి చేతులు రాలేదు."

గుడ్డ కప్పాడు గానీ పెట్టె ఆపలేదు. నల్లగుడ్డ కింద అది ఏడాదిగా వెలుగుతూ, ఆ రోజు మ్యాచ్ ఛానెల్‌నే పట్టుకుని ఉంది. పెన్కా దాని మీద చెయ్యి వేసింది. వెచ్చగా తగిలింది. ఇన్నాళ్ళూ తను కబుర్లు చెప్పింది దీనితోనా అనిపించి, కీరో పోయిన రోజుకన్నా ఎక్కువగా ఏడ్చింది.

"తీగ అన్నయ్యే ఇచ్చాడు," అన్నాడు ద్రాగన్. "మాటల్లేవు. గోల్ పడితే అటునుంచి తను రెండు దెబ్బలు కొట్టేవాడు, ఇటునుంచి నేను రెండు. అంతే."

కొత్త కంపెనీలో ఒక డిష్షుకి ఒకే ఇల్లు. యసెన్ ఆ పాయ ఊడదీసి, కీరో తీగ మీదే పెన్కా పెట్టె తగిలించి వెళ్ళిపోయాడు. సీరియల్ చక్కగా వచ్చింది. అందులో ఎవరు ఎవరో ఆమెకిప్పుడు తెలియలేదు. తనే ఫుట్‌బాల్ పెట్టి, ద్రాగన్‌ని పిలుచుకొచ్చింది. అతను ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చాడు. రెండు గ్లాసులు పోసింది. కీరో కుర్చీ పక్కన ఏమీ పెట్టలేదు. ఇక రాడని ఒప్పేసుకుంది.

చీకటి పడకముందే గోల్ పడింది. ద్రాగన్ పాత అలవాటు కొద్దీ లేచి గోడ మీద రెండు దెబ్బలు వేశాడు. వేశాక సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అవతల, తాళం వేసిన ఇంట్లోంచి, రెండు దెబ్బలు వినిపించాయి. గోడ మీంచి కాస్త సున్నం రాలింది.

ద్రాగన్ చెయ్యి జేబులోని తాళంచెవిని తడుముకుంది. పెన్కా లేచి ఇంకో గ్లాసు తెచ్చి పెట్టింది.