లోడింగ్ అయ్యేలోపల రెండు ముద్దలు

మా మామ పోయాడు. పోయిన నెల ఒక పొద్దున నంద్యాల ఆసుపత్రి నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మామ లేడు, రా" అని మాత్రం చెప్పి పెట్టేసింది. నేను నంద్యాలలోనే ఉంటాను కాబట్టి వెంటనే ఆటో ఎక్కాను. ఆటోలో కూర్చున్నాక నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దాచుకోవడం దేనికి, ఇది రాస్తున్నప్పుడు కూడా కోపంగానే ఉంది. షుగర్ ఉన్న మనిషి వేళకు తినాలని డాక్టరు చెప్పాడు, అత్త చెప్పింది, నేను చెప్పాను. ఆయన మాత్రం కంప్యూటర్ ఎంత వేగంగా పనిచేస్తే తనకు అంత తీరిక దొరుకుతుందని నమ్మాడు. ఆ తీరిక దొరికాక వేళకు తినొచ్చులే అనుకున్నాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. తొంభైల్లో ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర సందులో కంప్యూటర్ షాపు పెట్టాడు. పగలు పెళ్లి కార్డులు, కరపత్రాలు టైపు చేయడం, సాయంత్రం పిల్లలకు గేములు. నేను డిగ్రీ అయిపోయి ఊరికే ఉంటే, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని లాక్కుపోయి కీబోర్డు ముందు కూర్చోబెట్టాడు. ఈ రోజు నేను సొంతంగా సంపాదించుకుని తింటున్నానంటే అది ఆయన నేర్పిన చదువే. ఆ మాట ఆయన ఉండగా చెప్తే, "సాల్లే, ఆ ఫ్లాపీ తియ్యి" అనేవాడు.

అప్పటి ఫ్లాపీ సంగతి ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. ఒక్క గేము ఫ్లాపీల కట్టగా వచ్చేది. ఒకటి పెట్టి, గరగరమని తిరిగేదాకా చూసి, అది తీసి ఇంకొకటి పెట్టాలి. నడిమధ్యలో ఒకటి చెడిపోయిందంటే మళ్ళీ మొదటికి రావాల్సిందే. మామ ఆ గరగర మొదలవగానే బల్ల కింద నుంచి టిఫిన్ బాక్సు తీసేవాడు. "కోడలా, ఇది తిరిగేలోపు రెండు ముద్దలు తింటా" అనేవాడు. జొన్నరొట్టె, ఉల్లికారం, ఒక్కోసారి సంగటి. ఒక ఫ్లాపీకి ఒక రొట్టె. కోయిలకుంట్ల నుంచి పెళ్లి కార్డు కోసం వచ్చిన రైతు ఎదురుగా కూర్చుంటే ఆయనకూ ఒక రొట్టె విరిచిచ్చి, శనగ ఎట్లుందని అడిగేవాడు. అంత మెల్లగా నడిచే మిషను ముందు కూర్చుని మామ కడుపునిండా తినేవాడు. నేను చూశాను.

కానీ ఆయనకు ఆ నిదానం అంటే మంట. నోట్లో ముద్ద పెట్టుకునే తిట్టేవాడు. "ఏందప్పా ఇది, దీనికంటే ఎద్దులబండి నయం" అని బల్ల మీద కొట్టేవాడు. డబ్బు చేతిలో పడితే నంద్యాల బస్సెక్కి కొత్త డ్రైవు తెచ్చేవాడు. తువ్వాలులో చుట్టి, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని. మొదటి హార్డ్ డిస్క్ తెచ్చిన రోజు షాపుకు పోకుండా నేరుగా ఇంటికొచ్చి అత్తకు చూపించాడు. ఇంక ఫ్లాపీలు మార్చే బాధ లేదని, రేపటి నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడివేడిగా తింటానని చెప్పాడు. అత్త ఆ మర్నాడు వంకాయ కూర చేసి, బాక్సు కట్టకుండా కూర్చుంది. ఆయన వచ్చింది దీపాలు పెట్టాక. మధ్యాహ్నం ఇంటికి రాలేదు, చేతిలో బాక్సూ లేదు. ఆ రోజు టీలతోనే గడిచింది. పని తొందరగా అయిందా అని అత్త అడిగితే, అయింది, అందుకే ఇంకో నలుగురు వచ్చారన్నాడు.

తర్వాత సీడీలు వచ్చాయి. నంద్యాల డాక్టరు షుగర్ అని చెప్పింది కూడా ఆ రోజుల్లోనే. మాత్ర వేసుకుని కాసేపాగి తప్పకుండా తినాలన్నాడు. మొదట్లో అదీ బాగానే కుదిరింది. పెళ్లి వీడియో కాపీకి సీడీ పెట్టి మాత్ర మింగేవాడు. సీడీ రాసేది నత్తనడక కాబట్టి తీరిగ్గా తినేవాడు. అంతటితో ఊరుకుంటే ఏం పోయేది? ఊరుకోలేదు. ఇంకా వేగంగా రాసేదాన్ని తెచ్చాడు, దానికంటే వేగంగా రాసేది తెచ్చాడు. ప్రతిసారీ అత్తకు అదే మాట, మధ్యాహ్నం ఇంటికొస్తా. అత్త మూడో నాలుగో డ్రైవు నుంచి వినడం మానేసి బాక్సు కట్టి పంపేది. ఆ బాక్సు సాయంత్రం నిండుగానే తిరిగొచ్చేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి బండి ఆత్మకూరు నుంచి వచ్చిన పెళ్లివాళ్ళు నిలబడి ఉన్నారు. మామ సీడీ పెట్టి, అలవాటు ప్రకారం మాత్ర మింగాడు. బాక్సు మూత తీసేలోపే సీడీ బయటికొచ్చేసింది. రెండోది పెట్టాడు, మూడోది పెట్టాడు. మూత తీసిన బాక్సు అట్లే ఉంది. కాసేపటికి ఆయన చేతులు వణకడం చూశాను. చొక్కా చెమటతో తడిసిపోయింది. తినకుండా మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోతుందని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, టీ కొట్టు నుంచి చక్కెర తెచ్చి నోట్లో పోశాను. తేరుకున్నాక ఆయన మొదట అడిగింది, "వాళ్ళ సీడీ ఇచ్చినావా?" అని.

అంత కోపంలో కూడా నవ్వొచ్చింది. నవ్వక ఏం చేస్తాం, మనిషి అట్లాంటివాడు.

ఆయుధపూజ నాడు మాత్రం షాపులో మిషన్లు నడిపేవాడు కాదు. అన్నింటికీ పసుపు కుంకుమ పెట్టేవాడు. ఒక ఏడు సీడీ ట్రేలో కూడా కుంకుమ పెట్టి, దసరా అయ్యాక డ్రైవు చదవడం లేదని గోల చేశాడు. అది ఊడదీసి దూదితో తుడవలేక నేను చచ్చాను. ఆ ఒక్కరోజు మధ్యాహ్నం ఇంట్లో పీట మీద కూర్చునేవాడు. అప్పుడు కూడా చుట్టపుచూపుగా వచ్చినట్టు ఇల్లంతా చూసుకుంటూ, రెండు ముద్దలు తిని లేచేవాడు. అత్త కూర గిన్నె పట్టుకుని అట్లే నిలబడేది.

నాకు నంద్యాలలో పని దొరికి వచ్చేశాక పెన్ డ్రైవులు వచ్చాయి. పాటలు, సినిమాలు ఒకదాంట్లో నుంచి ఒకదాంట్లోకి కన్నుమూసి తెరిచేలోపు వేసివ్వాలి. ఎవరూ కూర్చోవడం లేదని, గుమ్మంలో నిలబడే చెయ్యి చాపుతున్నారని ఫోన్లో చెప్పేవాడు. అది దిగులో గొప్పో నాకు అర్థమయ్యేది కాదు.

ఆఖరిసారి ఆసుపత్రిలో చూశాను. కాళ్ళు వాచి ఉన్నాయి. ఒంట్లో ఎట్లుందని అడిగితే కొత్త డిస్కు సంగతి ఎత్తుకున్నాడు. ఎవరో కుర్రాడు చెప్పాడట, తిరిగే చక్రమే లేని డిస్కు వచ్చిందట. అదీ ఆయన కబురు.

"దాంట్లో తిరిగేదే ఉండదంట కోడలా. నొక్కంగానే అయిపోతాదంట" అన్నాడు.

నాకు ఆగలేదు. "అట్లయితే నువ్వు ఎప్పుడు తింటావు మామా?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. ఆ మాట ఎప్పుడూ తట్టనట్టుంది. అత్త ఎక్కడికి పోయిందని అడిగాడు. కింద ఇడ్లీ కోసం పోయిందన్నాను. "ఆమెను తొందరగా రమ్మను, ఆకలైతాంది" అన్నాడు. అత్త వచ్చేసరికి నిద్రపోయాడు. లేపొద్దని నర్సు చెప్పింది. ఆ ఇడ్లీలు పొట్లంలోనే ఉండిపోయాయి.

పెద్దకర్మ నాడు ఆళ్లగడ్డ ఇంట్లో మిద్దె మీద విస్తరి వేశాం. అన్నం, వంకాయ కూర, జొన్నరొట్టె, అన్నీ ఆయనకు ఇష్టమైనవే. కాకి ముట్టేదాకా కింద ఎవరూ భోజనానికి కూర్చోకూడదు. కాకి ఒకటి పిట్టగోడ మీద వాలింది, అటూ ఇటూ చూసింది, దిగలేదు. ఎండ ఎక్కుతోంది. ఏదో కోరిక మిగిలిపోయిందని చుట్టాలు గుసగుసలాడారు. షాపు మూసెయ్యం, నడుపుతామని చెప్పండి అన్నారొకరు. చెప్పాం. కొత్త డిస్కు కొంటామని చెప్పండి అన్నారు ఇంకొకరు. అదీ చెప్పాం. కాకి కదల్లేదు.

"కోరికా గీరికా ఏం లేదు. మీ మామ పిలిస్తే ఎన్నడు వచ్చినాడు తిననీకి?" అంది అత్త.

అత్త విస్తరి పక్కనే ఎండలో చతికిలబడింది. అన్నం మీద ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది. ఆమె గోడ వైపు చూడకుండా, కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది.