అక్క చెప్పిన సాక్ష్యం

చిన్నప్పుడు మా సండే స్కూల్లో సాతాను ఎక్కడుంటాడో ఖచ్చితంగా చెప్పేవారు. సినిమా హాల్లో ఉంటాడు. బ్రాందీ షాపులో ఉంటాడు. జాతర రోజు పక్క వీధివాళ్లు పంచే పులిహోరలో ఉంటాడు. వాళ్ల పిల్లలు దోసిళ్లకొద్దీ తింటుంటే నేనూ అక్కా నోరూరుతున్నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాళ్లం. ఇంత తర్ఫీదు పొందిన మావాళ్లు, తీరా వాడు తెల్లబట్టలు కట్టి, బైబిలు చంకన పెట్టుకుని వస్తే గుర్తుపట్టలేకపోయారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అక్కకు చిన్నతనం నుంచి మూర్ఛ. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరుగారు రాసిన మాత్రలు రోజూ మింగుతూ చాలా ఏళ్లు ఏ ఇబ్బందీ లేకుండా ఉంది. పెళ్లయింది, పాప పుట్టింది. మిరప సీజన్లో కాయలు ఆరబోసే కల్లాలకు కూలికి పోయేది.

నిరుడు చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఒకాయన రేకుల షెడ్డు వేసి శుక్రవారం ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టాడు. స్వస్థత వరం ఉందని పేరు. అమ్మ అక్కను తీసుకుపోయింది. ఆయన అక్క తలమీద చెయ్యి వేసి, మూర్ఛ దయ్యం వదిలిపోయిందని మైకులో ప్రకటించాడు. స్టేజీ ముందు ఒక బుట్ట. నయమైనవాళ్లు తమ మందులు అందులో పడేసి, అక్కడే సాక్ష్యం చెప్పాలి.

సాక్ష్యమంటే మాకు చిన్న విషయం కాదు. దేవుడు చేసిన మేలును పదిమంది ముందు లేచి చెప్పడం అది. చెప్పాక వెనక్కి తీసుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టేనని మావాళ్ల భయం. ఆయన ఆ భయాన్నే పట్టుకున్నాడు. నయమయ్యాక చెప్పడం కాదట, నయమైందని ముందే చెబితే నయమవుతుందట! అక్క మాత్రలు బుట్టలో వేసి, మైకు పట్టుకుని చెప్పేసింది.

సంగతి తెలిసి నేను గుంటూరు నుంచి కొత్త మాత్రలు కొనుక్కుని అక్క దగ్గరికి వెళ్లాను.

"వద్దే," అంది అక్క. "అంతమందిలో సాక్ష్యం చెప్పా. ఇప్పుడు మింగితే దేవుణ్ణి నమ్మనట్టే గదా."

"అంతమంది వచ్చి నీ పాపను పెంచుతారా?" అన్నాను.

"నీ చదువు నీ దగ్గర పెట్టుకోవే," అని అమ్మ నామీదికి లేచింది. "టీచరువి అయ్యేసరికి ప్రార్థనంటే లెక్క లేకుండా పోయింది నీకు."

లెక్క లేక కాదు. నేనూ ప్రార్థనలోనే పెరిగాను. ప్రార్థన చేసుకుని మాత్ర వేసుకుంటే దేవుడికొచ్చే నష్టమేంటో ఎవరైనా చెప్పండని అరిచాను.

మూర్ఛ కల్లంలోనే వచ్చింది. రంగు మారిన తాలుకాయలు ఏరుతున్న అక్క అట్లాగే రాశిమీద బోర్లా పడింది. కళ్లలో, ముక్కులో, నోట్లో మిరప ఘాటు. ఆడకూలీలు పక్కకి లాగి, చేతిలో తాళాల గుత్తి పెట్టారు. అదే ప్రార్థనలకు వెళ్లే ఒకామె నీళ్లకోసం పరిగెత్తలేదు. "ఎవరికీ చెప్పబాకండే, సాక్ష్యం చెడిపోద్ది," అందట. మనిషి పోయినా ఫర్వాలేదు, సాక్ష్యం నిలబడాలి! ఆస్పత్రిలో డాక్టరు మళ్లీ ఇట్లా పడితే బతకడం కష్టమన్నాడు. ఇంటికొచ్చాక కూడా అక్క మాత్ర ముట్టలేదు.

ఆ ప్రార్థనలాయన నోటితో చెప్పిస్తే మింగుతుందేమోనని శుక్రవారం అక్కనీ అమ్మనీ తీసుకుని నేనే షెడ్డుకు వెళ్లాను. ప్రార్థన కూటం ఇంకా మొదలుకాలేదు. మాత్రలు వేసుకోమని మీరే చెప్పండని అడిగాను.

ఆయన అక్క వాచిన మొహం వంక సరిగా చూడనుకూడా లేదు. "దయ్యాన్ని నేను వెళ్లగొట్టాను. విశ్వాసం చాలక ఈమే మళ్లీ పిలుచుకుంది. దాచిన పాపం ఏదో ఉంది, ఒప్పుకోమను," అన్నాడు. తర్వాత అమ్మవైపు తిరిగి, "నీ కడుపులోనే శాపం ఉందమ్మా," అన్నాడు.

రోగం పోయిందన్నప్పుడు ఘనత ఆయనది. తిరిగొస్తే నింద మా అక్కది, దాన్ని కన్న అమ్మది. చెడును గుర్తుపట్టడానికి నాకు దర్శనాలేమీ అక్కర్లేకపోయాయి. బైబిలు సాతానును అపవాది, అంటే నిందలు మోపేవాడు, అని ఎందుకంటుందో అక్కడే, ఆ ప్లాస్టిక్ కుర్చీలో చూశాను. అమ్మ మాత్రం ఎప్పట్లాగే వెళ్లి చాపమీద కూర్చుంది. అమ్మమీద కూడా చచ్చేంత కోపం వచ్చింది నాకు.

పాటలయ్యాయి. సాక్ష్యాలు చెప్పేవాళ్లు రావాలని పిలిచారు. నా పక్కన కూర్చున్న అక్క లేచింది. వెళ్లి మైకు అందుకుంది.

"నాకు తగ్గలేదు," అంది. "మాత్రలు మానేసి కల్లంలో పడ్డా. చావాల్సిందాన్ని. ఈ బుట్టలో మందులేసినోళ్లు..."

మైకు ఆగిపోయింది. ఎవరో స్విచ్చి నొక్కేశారు. ఆయన కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన అందుకున్నాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. అక్క పెదాలు కదులుతున్నాయి గాని ఏమీ వినపడటం లేదు.

అప్పుడు చాపమీద నుంచి అమ్మ లేచింది. పొలంలో ఆ గట్టు మీదున్నవాళ్లను పిలిచే గొంతుతో అరిచింది.

"ఒరేయ్, ఆ మైకు ఎయ్యండ్రా! నా బిడ్డ సాక్ష్యం చెబుతోంది."