కొమ్ముపుల్ల వదిన చేతికి పోయిన రోజు

మా చిన్నప్పుడు... కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో... మా వసారాలో ఎప్పుడు చూసినా తోలు వాసనే. మా నాయన జట్కా గుర్రాలకు జీన్లు, కళ్లేలు, పగ్గాలు చేసేవాడు. ఊళ్లోకి ఆఫీసులొచ్చాయి, ఆఫీసర్లొచ్చారు, వాళ్లను తిప్పడానికి జట్కాలు పెరిగాయి. నాయనకు తల ఎత్తే తీరిక ఉండేది కాదు.

తోలు కోయడం నాయన పని, కుట్టడం అన్న పని. మడత మాత్రం మా జేజిది... అదే, మా నాయనమ్మది.

మడతే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పట్టీ అంచు మొరటుగా ఉంటే గుర్రం ఒళ్లు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. అందుకే అంచుల్ని లోపలివైపు కత్తితో పలచగా చెక్కి, పట్టీని తడిగుడ్డలో చుట్టిపెట్టి, మెత్తబడ్డాక చింతగింజల గంజి పూసి, రెండంచులూ లోపలికి మడిచేవాళ్లు. మడత పొడుగునా కొమ్ముపుల్లతో గట్టిగా ఒత్తుకుంటూ పోవాలి. ఆ తర్వాత కొయ్యసుత్తితో చిన్నగా తట్టి, పైన బండ పెట్టాలి.

ఆ కొమ్ముపుల్ల... జానెడు పొడవు, బర్రె కొమ్ముతో చేసింది. జేజి చేతిలో అరిగి అరిగి నల్లగా నిగనిగలాడేది. జేజి పోయాక అది నాదే అనుకున్నా. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆమె పక్కన కూర్చుని గంజి చేతులు చేసుకున్నది నేనే కదా మరి!

అప్పుడు దిగింది మా వదిన, ఎర్రగుంట్ల నుంచి. వాళ్ల పుట్టింట్లో ఎద్దుల మెడలకు మువ్వల పట్టీలు చేసేవాళ్లట. కాపురానికొచ్చిన నెలకే ఒక పట్టీ మడిచి నాయన చేతికిచ్చింది. నాయన దాన్ని వేళ్ల మధ్య జారనిచ్చి చూశాడు.

"మా యమ్మ చెయ్యి మల్లా ఇంటికొచ్చినట్టుండాది రా" అని అన్నతో అన్నాడు. గూట్లోంచి కొమ్ముపుల్ల తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నేను అక్కడే ఉన్నా. గంజి కలుపుతూ...

కడుపు మండిపోయింది. ఆ రోజు నుంచి వదిన నడిస్తే తప్పు, నవ్వితే తప్పు. ఆమె జడ నా జడ కంటే లావుగా ఉండటం కూడా తప్పే. "రా పాపా, ఈడ కూర్చో, నేర్పిస్తా" అని పిలిచేది. "నాకు వచ్చులే" అని మూతి తిప్పుకునేదాన్ని. నిజానికి నా మడత కొసల దగ్గర వంకర పోయేది. ఆమెది గీత గీసినట్టుండేది. దొంగచూపులు చూసి నేర్చుకుందామనుకునేదాన్ని... రాకపోయేసరికి ఇంకా మండేది.

ఒకరోజు పొరుగువీధి సాయిబు కొత్త జట్కా కోసం ఆరు పట్టీలు తయారు కావాలి. వదిన వాటిని తడిగుడ్డలో చుట్టిపెట్టి, బట్టలుతకడానికి తుంగభద్రకు పోయింది. ఇదే అదను అనుకున్నా. గుడ్డ విప్పి, పట్టీలన్నీ మిద్దె మీద ఎండలో పరిచేశా.

మా ఎండ సంగతి మీకు తెలుసుగా...

తోలు తడి చూడ్డానికి జేజి నాకో పరీక్ష నేర్పింది. బొటనవేలి గోరుతో నొక్కాలి. గుర్తు నిలిస్తే తడి ఉన్నట్టు, నిలవకపోతే ఆరినట్టు. పరిచినప్పుడు ప్రతి పట్టీనీ నొక్కి చూశా, గుర్తు పడింది. కాసేపాగి నొక్కితే పడలేదు. వదిన వచ్చే వేళకు పైపైన నీళ్లు చిలకరించి మళ్లీ గుడ్డలో చుట్టేశా. ముందు పడ్డ గుర్తులు ఆరాక కూడా అలాగే ఉండిపోతాయని నా బుర్రకు తట్టలేదు.

పైన తడి, లోపల ఎండుకట్టె. వదిన పట్టీ కొసను ఇనుప కడియం చుట్టూ తిప్పి వంచగానే తోలు పటుక్కున చిట్లింది. రెండోదీ అంతే. ఆ చప్పుడుకు నాయన లేచొచ్చాడు.

"ఏమ్మా, తడి సూసుకోకుండానే వంచినావా? రేపిస్తానని సాయిబుకు మాటిచ్చినానే... ఇప్పుడు తోలు యాడ నుంచి తేవల్ల?"

నాయన ఆమె మీద గొంతు లేపడం అదే మొదలు. నాకు లోపల పండగ.

వదిన చిట్లిన పట్టీని వెలుతురులో పట్టుకుని చూసింది. అంచు పక్కన చిన్న గోటి గుర్తు. ఆమె గోళ్లు వెడల్పు. ఇది పిల్ల గోరు. తలెత్తి నా వైపు చూసింది. నేను గంజి గిన్నెలోకి చూశా.

ఆమె బొటనవేలితో ఆ గుర్తు మూసేసి, "తప్పు నాదే మామా, పరాకుగా ఉండా" అంది.

నన్ను రెండు తగిలించి ఉంటే బాగుండేది. నాయనతో చెప్పినా బాగుండేది. ఆ రోజు పెరట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చా... చేసిన పనికి కాదు, మంచితనంలో కూడా ఆమే గెలిచిందని!

తర్వాత నాకు పెళ్లయి నందికొట్కూరు వచ్చేశా. ఆ సంగతి వదిన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పోయినేడాది వదిన పోయింది. దినాలయ్యాక మా అన్న కొడుకు ఒక గుడ్డమూట తెచ్చిచ్చాడు.

"అత్తా, ఇది నీకే ఇయ్యమని అమ్మ శానాసార్లు చెప్పింది. ఏందిమా అంటే చెప్పలే."

విప్పితే జేజి కొమ్ముపుల్ల. దాంతోపాటు బెత్తెడు తోలుముక్క... దాని మీద నా గోటి గుర్తు.

అరవై ఏళ్ల పైచిలుకు దాచింది. కడుపున పుట్టిన కొడుక్కు కూడా చెప్పలేదు.

ఇప్పుడు కర్నూల్లో జట్కాలు లేవు. బెల్టు పాడైతే పారేసి కొత్తది కొనుక్కుంటున్నాం. కొమ్ముపుల్ల నా చేతికొచ్చేసరికి మడవడానికి తోలే లేదు. పట్టుకుని చూస్తే, ఒత్తి ఒత్తి అరిగిన చోట గుంట పడి ఉంది. వదిన బొటనవేలి వెడల్పు... నా వేలికి సరిపోవడం లేదు. ఇంత వయసొచ్చి కూడా, చూడండి, నాకు ఆమె మీద కుళ్లే.

మీరు ఎవరి మీద ఇలా కుళ్లుకున్నారో రాయండి, చదువుతా... కానీ వాళ్లు బతికుంటే, ముందు వాళ్లకు చెప్పి రండి.